విజయనగరంలో బ్లాగర్లు, వెబ్ డెవలపర్ల ఒక్కరోజు సదస్సు: ఇన్‌స్టాల్ గొడవతోనే పొద్దుపోకుండా ఎలా?

కోటజంక్షన్

అందరికీ నమస్కారం. విజయనగరంలో బ్లాగులు రాసేవాళ్లకీ వెబ్‌సైట్లు కట్టేవాళ్లకీ కలిపి ఒక్కరోజు సదస్సు పెడదామని నలుగురం అనుకుంటున్నాం. అరవై మంది దాకా వస్తారని అంచనా. అందులో సగం మంది తెలుగులో రాసేవాళ్లు: వంటలు, ఊళ్ల చరిత్ర, పోటీ పరీక్షల నోట్సు. కోడ్ అంటే వీళ్లకి భయం. మిగతా సగం ఇంజినీరింగ్ పిల్లలు, షాపులకి చిన్న చిన్న సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లు. వీళ్లకి కోడ్ వచ్చు గానీ తెలుగు పేజీ చేయమంటే చేతులెత్తేస్తారు.

ఊరి చివర ఒక కాలేజీవాళ్లు సెమినార్ హాలూ, ముప్పై సిస్టముల ల్యాబూ ఇస్తామన్నారు. అన్నీ విండోస్ 10, 4 జీబీ ర్యామ్. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వరట. నెట్ ఉంది గాని లాగిన్ పేజీ అడుగుతుంది, కొన్ని సైట్లు తెరుచుకోవు.

పొద్దున్న రెండు ప్రసంగాలు, మధ్యాహ్నం మూడు గంటల వర్క్‌షాపు అనుకున్నాం. వర్క్‌షాపులో ప్రతి ఒక్కరూ వర్డ్‌ప్రెస్ (బ్లాగులు, సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవాలి, గిట్ (ఫైళ్లలో చేసిన మార్పుల లెక్క ఉంచే టూలు) వాడటం నేర్చుకోవాలి, ఒక పేజీ గిట్‌హబ్‌లోకి (గిట్ ఫైళ్లని నెట్‌లో ఉంచే సైటు) ఎక్కించాలి. తేదీ అక్టోబరులో, దసరా సెలవులు చూసుకుని. మూడు గంటల్లో రెండు గంటలు ఇన్‌స్టాలేషన్‌కే పోతాయని ఒకాయన భయపెట్టారు. నిజమేనా? ఏ టూల్సు పెట్టుకోవాలి, నెట్ ఎంత కావాలి, వర్డ్‌క్యాంప్ (వర్డ్‌ప్రెస్ వాళ్ల సదస్సుల పేరు) అని పేరు పెట్టుకోవచ్చా, తెలుగుకంటూ ప్రత్యేకంగా ఏం నేర్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి_నెట్

ఆయన భయపెట్టలేదండీ, తగ్గించే చెప్పారు. సొంత సిస్టమ్‌లోనే సైటు నడిపే లోకల్ సర్వర్ ప్యాకేజీ ఒక్కటే 150 ఎంబీ అనుకోండి. అరవై మంది ఒకేసారి దించితే 9 జీబీ. లైన్ నిజంగా 100 ఎంబీపీఎస్ ఇచ్చినా పన్నెండు నిమిషాలు, అదీ కాగితం మీద. ఫోన్ హాట్‌స్పాట్ 20 ఎంబీపీఎస్ అయితే సరిగ్గా గంట. దాని మీద కోడ్ రాసే ఎడిటరు, గిట్, నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపేది) కలుపుకోండి. అంచేత హాల్లో ఎవరూ ఏదీ డౌన్‌లోడ్ చేయకూడదు. ఇది ముందే గట్టిగా చెప్పేయండి.

అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోయినా నడిచేవే పెట్టుకోండి. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటరుకి జిప్ రూపం ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో 'డేటా' అని ఇంకో ఖాళీ ఫోల్డర్ చేస్తే ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగులు అన్నీ అందులోనే ఉండిపోతాయి, సిస్టమ్‌లో ఏదీ మిగలదు. గిట్‌కి కూడా పోర్టబుల్ (ఇన్‌స్టాల్ అక్కర్లేని) కూర్పు ఉంది. వర్డ్‌ప్రెస్ నడవడానికి కావాల్సిన పీహెచ్‌పీకి విండోస్ జిప్ తీసుకోండి. జాంప్ (అపాచీ వెబ్ సర్వరు, డేటాబేసు, పీహెచ్‌పీ కలిపి వచ్చే ప్యాకేజీ) మాత్రం వద్దు. 80 పోర్టు (నెట్ ప్రోగ్రాములు వాడే తలుపు నంబరు) ఇంకెవరో పట్టుకుని ఉంటారు, 3306లో పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేసు కూర్చుని ఉంటుంది, అపాచీ లేవదు, అరగంట గోవింద.

మైఎస్‌క్యూఎల్ లేకుండానే వర్డ్‌ప్రెస్ నడుస్తుంది. దాని బదులు ఒకే ఫైలులో డేటా దాచే ఎస్‌క్యూలైట్ వాడొచ్చు. 'ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఇంటిగ్రేషన్' ప్లగిన్ ఫోల్డర్‌లో 'డీబీ డాట్ కాపీ' అని ఒక ఫైలు ఉంటుంది. దాన్ని డబ్ల్యూపీ-కంటెంట్‌లోకి 'డీబీ డాట్ పీహెచ్‌పీ' అన్న పేరుతో కాపీ చేయాలి. పీహెచ్‌పీ సెట్టింగులుండే ఐఎన్‌ఐ ఫైలులో పీడీఓ ఎస్‌క్యూలైట్ వరస ముందున్న సెమీకోలన్ తీసేయాలి. ఇది మర్చిపోతే తెర మీద డేటాబేస్ ఎర్రర్ తప్ప ఇంకేం కనపడదు. ఇదంతా ముందే ఒక సిస్టమ్‌లో చేసి, మొత్తం ఫోల్డర్ జిప్ కట్టి, ఆరు పెన్‌డ్రైవ్‌లలో వేసుకోండి. ల్యాబులో జిప్ విప్పడం, పీహెచ్‌పీలోనే ఉండే చిన్న సర్వర్‌ని 8000 పోర్టు మీద లేపడం, అంతే పని.

ఇక్కడ రెండు చిక్కులు తప్పకుండా వస్తాయి. పీహెచ్‌పీ తెరవగానే 'వీసీరన్‌టైమ్ 140' ఫైలు లేదని పెట్టె వస్తే, ఆ సిస్టమ్‌లో విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ లేనట్టు. అది పెట్టాలంటే అడ్మిన్ కావాలి. అందుకని వారం ముందే వెళ్లి ముప్పై సిస్టములూ ఒక్కొక్కటిగా చూడండి, లేనివాటిలో ల్యాబ్ అసిస్టెంట్ గారిచేత పెట్టించండి. రెండోది, ఎవరో ఒకరు 8000 బదులు 8080 అని కొడతారు. వర్డ్‌ప్రెస్ తన చిరునామాని డేటాబేస్‌లో రాసి పెట్టుకుంటుంది కాబట్టి పేజీ మళ్లీ 8000కే ఉరుకుతుంది, అక్కడ ఎవరూ ఉండరు. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో హోమ్, సైట్‌యూఆర్‌ఎల్ రెండూ మీరే రాసి ఉంచితే, పోర్టు మారినప్పుడు ఆ రెండు వరసలు దిద్దుకుంటే సరిపోతుంది.

ఇంకొకటి. కాలేజీ ల్యాబుల్లో డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది చాలాచోట్ల. కరెంటు పోయి సిస్టమ్ మళ్లీ లేచిందంటే చేసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఉందో లేదో అడగండి. ఉంటే పనంతా పెన్‌డ్రైవ్‌లో, లేదా ఫ్రీజ్ కాని డ్రైవ్‌లో.

రాసేవాళ్లకైతే ఇవన్నీ కూడా అక్కర్లేదు, వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ చాలు. వెబ్‌అసెంబ్లీ అనే పద్ధతి మీద బ్రౌజర్‌లోనే మొత్తం వర్డ్‌ప్రెస్ నడుస్తుంది. తాత్కాలిక సైటుగా తెరిస్తే రిఫ్రెష్ కొట్టగానే రాసింది పోతుంది. పదిహేను నిమిషాలకోసారి జిప్‌గా ఎక్స్‌పోర్ట్ చేయించండి. 4 జీబీ సిస్టమ్‌లో వేరే ట్యాబులు మూసేయమనండి. ఆ సైటుని కాలేజీ ఫైర్‌వాల్ ఆపుతోందేమో ముందే చూసుకోవాలి.

గిట్‌హబ్ సంగతి. ఖాతాలు ఇంటి దగ్గరే తెరుచుకుని రమ్మనండి. ఒకే ఐపీ (నెట్ చిరునామా) నుంచి గంటలో నలభై కొత్త ఖాతాలంటే ఏ సైటైనా అనుమానంగానే చూస్తుంది. ప్రోగ్రాములు గిట్‌హబ్‌ని అడిగే దారి అయిన ఏపీఐకి, లాగిన్ కాకుండా వాడితే, ఒక ఐపీకి గంటకి 60 అభ్యర్థనలే. హాలంతా ఒకే ఐపీ వెనక ఉంటే అవి చిటికెలో అయిపోతాయి. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌తో పుష్ చేయడానికి (మార్పులు గిట్‌హబ్‌కి పంపడానికి) ఖాతా పాస్‌వర్డ్ పనిచేయదు, టోకెనో (పాస్‌వర్డ్ బదులు వాడే పొడుగాటి కోడ్), బ్రౌజర్ లాగినో, ఎస్‌ఎస్‌హెచ్ కీయో (సిస్టమ్‌లో ఉంచుకునే తాళం ఫైలు) కావాలి. కాలేజీ 22 పోర్టు మూసేస్తే గిట్‌హబ్ ఎస్‌ఎస్‌హెచ్‌ని 443 మీద కూడా ఇస్తుంది, హోస్ట్ పేరు ముందు 'ఎస్‌ఎస్‌హెచ్ డాట్' చేర్చుకోవాలి.

ఒకే సిస్టమ్‌లో ఇద్దరు గిట్‌హబ్ వాడితే మొదటాయన లాగిన్ విండోస్ లాగిన్లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉండిపోతుంది. రెండో ఆయన పుష్ కొడితే 403 (అనుమతి లేదు) అని వస్తుంది, ఆయన తన రెపోలో (గిట్‌హబ్ ఫోల్డర్‌లో) అనుమతులు వెతుక్కుంటూ కూర్చుంటాడు. తప్పు అక్కడ లేదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి పాత గిట్‌హబ్ నమోదు తీసేయాలి, గిట్ కాన్ఫిగ్‌లో పేరు, ఈమెయిలు కూడా మార్చాలి. లేకపోతే కమిట్లన్నీ (నమోదు చేసిన మార్పులన్నీ) మొదటాయన పేరు మీదే పడతాయి. కొత్తవాళ్లకైతే బ్రౌజర్‌లోనే ఫైలు అప్‌లోడ్ చేసి కమిట్ కొట్టించండి, గిట్ అంటే ఏమిటో అర్థం కావడానికి ఆ ఒక్క రోజుకి అది చాలు. గిట్‌హబ్ పేజెస్ (ఎక్కించిన పేజీని సైటుగా చూపించేది) పెట్టాక సైటు కనపడడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చని ముందే చెప్పండి, లేకపోతే అందరూ రిఫ్రెష్ కొడుతూ కూర్చుంటారు.

వైఫై: ఇంట్లో వాడే రూటర్ మీద పాతికమంది మించితే నత్తనడకే. అరవై మంది అంటే ఫోన్లతో కలిపి 120 పరికరాలు. మూడు యాక్సెస్ పాయింట్లు పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లు తలొకటి ఇవ్వండి, వీలైనంతమందిని 5 గిగాహెర్ట్జ్‌లోకి పంపండి. ఐపీ లీజు గడువు రోజంతా కాకుండా రెండు గంటలు పెట్టండి, లేకపోతే వచ్చిపోయినవాళ్ల ఫోన్లు కూడా చిరునామాలు పట్టుకుని ఉంటాయి.

కరెంటు: 65 వాట్ల ల్యాప్‌టాప్ చార్జర్లు అరవై అంటే 3900 వాట్లు, 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు. ఒక్క లైను మీద వద్దు, మూడు లైన్లకి పంచండి. 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పదీ పన్నెండు చార్జర్లు మించొద్దు. బాక్సులోంచి ఇంకో బాక్సు లాగడం అసలే వద్దు.

గంటస్తంభం

అక్టోబరు, దసరా సెలవులు అంటున్నారు. మీది విజయనగరమేనా అండీ? విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ వారం ఊళ్లో గది దొరకదు, కోట చుట్టుపక్కల బండి కదలదు, మీ వాలంటీర్లు ఎవరింట్లో చూసినా చుట్టాలే. ఇంకోటేటంటే, తుపాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. రెండూ రెండో వారంలోనే. సంక్రాంతి హడావుడి మొదలవక ముందు, డిసెంబరులో ఒక ఆదివారం చూసుకోండి. ఇంజినీరింగ్ సెమిస్టర్ పరీక్షల తేదీలు ఒక్కసారి అడిగీసి మరీ ఖాయం చేయండి.

వర్డ్‌క్యాంప్ అని సొంతంగా పేరు పెట్టుకోకూడదు. మొదటి వర్డ్‌క్యాంప్ 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. ఇప్పుడు ఆ పేరు వాడాలంటే వర్డ్‌ప్రెస్ సముదాయ బృందానికి దరఖాస్తు పెట్టి, వాళ్లు ఒప్పుకున్నాకే. వాళ్ల నియమాలు కూడా పాటించాలి: నిర్వాహకులు, వక్తలు అందరూ స్వచ్ఛందంగానే, మాట్లాడినందుకు డబ్బివ్వరు. మామూలుగా ముందు స్థానిక మీటప్ ఒకటి కొన్నాళ్లు నడవాలి. మీది మొదటి సభ కాబట్టి మీ సొంత పేరే పెట్టుకోండి. బార్‌క్యాంప్ అన్న పేరైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2005లో పాలో ఆల్టోలో మొదలైన పద్ధతి అది: ముందే ఖాయమైన వక్తలుండరు, గోడ మీద ఖాళీ పట్టిక ఉంటుంది, ఎవరు ఏం చెప్తారో వాళ్లే చీటీ రాసి అంటిస్తారు. మూడు గదులు, అరగంట చొప్పున నాలుగు విడతలు నడిపారంటే పన్నెండు చీటీలకి చోటు. మనవైపు మొదటి చీటీ అంటించడానికి ఎవరూ లేవరు, మొహమాటం. నాలుగు చీటీలు మీరే ముందు అంటించీయండి, తర్వాత వాళ్లే తోసుకుంటారు.

అసలు మాటకొస్తాను. అరవై మందీ, ముప్పై సిస్టములూ అన్నారు. సగం రాసేవాళ్లూ, సగం కోడ్ వచ్చినవాళ్లూ అన్నారు. మరి ఇంకేటి కావాలి? సిస్టమ్‌కి ఇద్దరు, ఒక రచయిత, ఒక కోడరు. ల్యాప్‌టాప్‌లు తెమ్మననే వద్దు. నాగావళి గారు చెప్పిన చార్జర్ల లెక్క పోయింది, వైఫై మీద బరువు సగమైంది, ఇన్‌స్టాల్ పని ముప్పై చోట్లే. ఒక్క షరతు: మౌసూ కీబోర్డూ రచయిత చేతిలోనే ఉండాలి. కుర్రాడికిచ్చారా, పది నిమిషాల్లో పని తనే ముగించి 'అయిపోయిందండి' అంటాడు, పక్కనున్న మేష్టారికి ఏమీ అంటదు.

పది మందికి ఒక సహాయకుడు చొప్పున ఆరుగురిని పెట్టండి. ప్రతి మానిటర్ మీదా రెండు రంగుల చీటీలు: ఆకుపచ్చది అంటిస్తే అయినట్టు, ఎర్రది అంటిస్తే ఇరుక్కున్నట్టు. చెయ్యెత్తి అడగడానికి సిగ్గుపడేవాళ్లు కూడా చీటీ అంటిస్తారు. ఎర్రవి ఐదు దాటితే చెప్పేవాడు ఆగిపోవాలి.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లకి బస్సే నయం. రైలెక్కాలంటే ముందు ఆమదాలవలస వెళ్లాలి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది అక్కడే కదా. పదింటికి ముందు మొదలుపెట్టకండి.

అచ్చుతప్పు

పై ఇద్దరూ రోజెలా నడపాలో చెప్పారు. తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. నన్నడిగితే మధ్యాహ్నం వర్క్‌షాపులో గిట్‌కి అరగంట ఇచ్చి, మిగతా రెండున్నర గంటలూ దీనికే ఇవ్వండి. గిట్ పాఠాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఇది దొరకదు.

మొదట పోస్టు చిరునామా. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ, గుణింతం గుర్తుకీ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా చోటు. వాటిని ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతం 3 బైట్లు. యూఆర్‌ఎల్‌లోకి వెళ్లేసరికి ప్రతి బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది, అంటే ఒక్కో తెలుగు సంకేతానికి 9 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో పోస్టు చిరునామాకి ఉన్న చోటు 200 అక్షరాలే. ఇప్పుడు 'విజయనగరం శ్రీకాకుళం వంటలు' అని శీర్షిక పెట్టండి. 'విజయనగరం' 8 సంకేతాలు, 72. మధ్యలో గీత, 1. 'శ్రీకాకుళం' 10 సంకేతాలు, 90. ఇంకో గీత. మొత్తం 164. మిగిలింది 36, నాలుగు సంకేతాలకే సరిపోతుంది. 'వంటలు'లో ఉన్నవి ఐదు. కొమ్ము ఎగిరిపోయి చిరునామా 'వంటల' దగ్గర తెగుతుంది. అదే రచయిత 'విజయనగరం శ్రీకాకుళం వంటల పోటీలు' అని ఇంకో పోస్టు రాస్తే అదీ అక్కడే తెగుతుంది, రెండూ ఒకటే అయిపోయి రెండోదానికి చివర 2 తగులుకుంటుంది. ఆ లింకు వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో జానెడు పొడుగు. ప్రచురించే ముందే చిరునామా గడిలో ఇంగ్లీషు అక్షరాలతో మూడు నాలుగు మాటలు రాయడం అలవాటు చేయించండి. దీన్ని తెర మీద లెక్కకట్టి చూపిస్తే కోడర్లకి కూడా కొత్తగానే ఉంటుంది.

రెండోది తుంచడం. హోమ్ పేజీలో పోస్టు మొదటి వంద అక్షరాలు చూపించడానికి కుర్రాళ్లు పీహెచ్‌పీలో 'సబ్‌స్టర్' వాడతారు. అది లెక్కపెట్టేది బైట్లని. 100 బైట్లంటే 33 సంకేతాలు, ఒక బైటు మిగులు. ఆ మిగులే చివర్లో నల్ల వజ్రంలో ప్రశ్నార్థకమై కూర్చుంటుంది. 'ఎంబీ సబ్‌స్టర్' వాడితే ఆ వజ్రం పోతుంది గాని పని సగమే అయినట్టు: 'శ్రీ' అంటే శ, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం నాలుగు సంకేతాలు. రెండింటి దగ్గర తెగితే 'శ్' మిగులుతుంది. అక్షరాల లెక్క మానేసి, వంద దాటకుండా చివరి ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడ తుంచండి. మాట మధ్యలో తెగకపోతే ఒత్తు తెగదు.

ఫాంటులు. గూగుల్ ఫాంట్స్‌లో 'గురజాడ', 'గిడుగు' అని రెండు తెలుగు ఫాంటులున్నాయి, ఉచితం, ఎవరి పేరో మన జిల్లాల్లో చెప్పక్కర్లేదు. సభ పోస్టరు వాటితోనే వేయండి. వెబ్ పేజీలో మాత్రం ఒక జాగ్రత్త: వాటికి ఒకటే మందం. బోల్డ్ పెడితే బ్రౌజరే దొంగ బోల్డ్ పుట్టిస్తుంది, చిన్న సైజులో అక్షరాల సున్నాలు పూడిపోయి కనిపిస్తాయి. పేజీలో మామూలుగా చదివే పాఠానికి నోటో సాన్స్ తెలుగు పెట్టండి, అందులో నిజమైన మందాలున్నాయి. వరస ఎత్తు ఇంగ్లీషు థీముల్లో 1.2, 1.4 అని ఉంటుంది. మన ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి 1.7 కంటే తగ్గించకండి. శీర్షికలకి 'ఓవర్‌ఫ్లో హిడెన్' (గడి దాటినదాన్ని దాచే సెట్టింగు) ఉన్న థీములో 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలు రాసి చూడండి, కింద ఒత్తు కోసుకుపోతే అక్కడే తెలుస్తుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే లెటర్-స్పేసింగ్ తెలుగు మీద సున్నాయే ఉండాలి.

మూడోది కంటికి కనపడనిది. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట తర్వాత వ ఒత్తుగా దిగకుండా ఆపేది 200సి అనే సంకేతం. కొందరు కీబోర్డుతో అది వేస్తారు, కొందరు వేయరు. సైటులో వెతికితే ఒకరు రాసింది ఇంకొకరికి దొరకదు, చూస్తే రెండూ దాదాపు ఒకలాగే ఉంటాయి. వెతికే మాటలోంచీ, వెతుకుడు పట్టికలోంచీ ఆ సంకేతాన్ని తీసేసి పోల్చాలి. చూపించే పాఠంలోంచి మాత్రం తీయకూడదు.

పేజీ పైన భాష 'టీఈ' అని రాయడం కూడా చెప్పండి. చాలా థీముల్లో ఇంగ్లీషే ఉండిపోతుంది, చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడరు తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి వదిలేస్తుంది.

కోటజంక్షన్

ముగ్గురికీ దండాలండీ. జంటల ఆలోచన మాకు తట్టనే లేదు, అలాగే చేస్తాం. తేదీ డిసెంబరుకి మార్చాం, సిరిమాను సంగతికి సిగ్గుపడుతున్నాం. అచ్చుతప్పు గారూ, రెండు సందేహాలు. వచ్చేవాళ్లలో ఒకరికి తెలుగు చిరునామాలతోనే రెండొందల పోస్టులున్నాయి, ఇప్పుడు మార్చేయాలా? ఇంకొకరి దగ్గర డీటీపీ సెంటర్లో 'అను'లో కొట్టించిన పాత వ్యాసాలు ఉన్నాయి, బ్లాగులో అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయట.

అచ్చుతప్పు

పాతవి ముట్టుకోకండి. తెగిన చిరునామా కూడా పనిచేస్తూనే ఉంటుంది, చూడ్డానికే బాగోదు. ఒకటీ రెండూ తప్పక మార్చాల్సి వస్తే, ప్రచురించిన పోస్టు చిరునామా మార్చినప్పుడు వర్డ్‌ప్రెస్ పాతదాన్ని గుర్తుపెట్టుకుని 301తో (చిరునామా శాశ్వతంగా మారిందనే సూచనతో) కొత్తదానికి పంపుతుంది. అయితే సెట్టింగుల్లో పెర్మలింక్ పద్ధతినే మార్చేస్తే, అంటే తేదీ ఉన్నదాన్ని తీసేసి ఒట్టి పేరు పెడితే, ఈ గుర్తు పనిచేయదు. అప్పుడది ఊహించి పంపుతుంది, తెలుగు చిరునామాల దగ్గర ఆ ఊహని నమ్ముకోవద్దు. పాతదాన్నుంచి కొత్తదానికి పంపే రీడైరెక్ట్ నియమం మీరే రాసుకోవాలి.

'అను' యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టిన పద్ధతి. తలకట్టు ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. ఆ ఫాంటు లేనిచోట లోపలున్న ఇంగ్లీషు బయటపడుతుంది. మార్చే టూల్సు నెట్‌లో ఉన్నాయి, ముందు ఏ వెర్షన్‌లో కొట్టారో డీటీపీ ఆయన్ని అడగండి, ఎంచుకోవాల్సింది దాన్నిబట్టే. పీడీఎఫ్ నుంచి కాపీ చేయకండి, పేజ్‌మేకర్ ఫైలే అడిగి తీసుకోండి, పీడీఎఫ్‌లో ముక్కల వరస తారుమారవుతుంది. వ్యాసం మధ్యలో నిజంగానే ఇంగ్లీషులో ఉన్న మాటలు, ఈమెయిళ్లు మార్పిడిలో గజిబిజి తెలుగైపోతాయి, ఎందుకంటే ఏది ఇంగ్లీషో ఏది అనునో ఆ టూలుకి తెలీదు. అందుకని ఇంగ్లీషు మాటలున్న చోట్ల ముందే అంకెలు వేసి, మాటలు విడిగా రాసిపెట్టుకుని, మార్పిడి అయ్యాక వాటి చోట్ల అతికించండి. చివరగా ఒత్తులు, సున్నా, ఋత్వం ఉన్న మాటలు కళ్లతో చదివి దిద్దాల్సిందే. ఒక్కో వ్యాసానికి అరగంట పట్టొచ్చు, సభ రోజున ఒక్కటే చేసి చూపించండి, మిగతావి ఇంటికెళ్లి చేసుకుంటారు.